బుంగి నోరు తెరిచిన ఆదివారం

ఆ వీధిలో కత్తెర మాట వినని తల లేదు, ఒక్క బుంగి తల తప్ప.

కత్తెర అంటే సెలూన్ అతను. అసలు పేరు ఒకటి ఉండేది గాని, వీధి వీధంతా "కత్తెరా, కత్తెరా" అని పిలిచి పిలిచి దాన్ని అరగదీసేసింది. ఇంటి ముందు గదే అతని సెలూన్. గోడ పొడుగునా ఒకటే అద్దం, దాని ఎదురుగా కాలితో తొక్కితే పైకి లేచే ఎర్ర కుర్చీ, వెనక పూల కర్టెన్. కర్టెన్ అవతల సంసారం. ఎంత పెంకి పిల్లవాడైనా, ఎంత కుదురులేని ముసలాయనైనా ఆ కుర్చీలో కూర్చోవడమే ఆలస్యం. కత్తెర తెల్లగుడ్డను టప్పున విదిలించి మెడ చుట్టూ కడతాడు, ఎడమ చెయ్యి నడినెత్తిన వేస్తాడు. ఇక ఆ తల అటూ ఇటూ కదిలితే ఒట్టు. కుడిచెయ్యి కత్తిరింపు ఎవరికైనా వస్తుందని, అసలు పనితనమంతా ఎడమ చేతిదేనని అతని నమ్మకం. ఆ ఎడమ చెయ్యే తన కొంప ముంచబోతోందని తెలియదు పాపం.

బుంగి అతని కూతురు. ఎనిమిది నెలలది. పుట్టగానే మూతి ముందుకు పెట్టి లోకాన్ని చూసిందట. "అబ్బో, ఏం బుంగమూతమ్మా!" అన్న నర్సు మాటే ముద్దుపేరై కూర్చుంది.

పాలు తాగే రోజుల్లో తండ్రీ కూతుళ్ళకు ఏ పేచీ లేదు. తల్లి స్నానానికో బజారుకో వెళ్తే, సీసాలో పట్టి ఉంచిన పాలు కత్తెర ఒళ్ళోనే గుటగుటా తాగేది. అతని చూపుడువేలు పట్టుకొని, కళ్ళలోకి చూస్తూ మరీ తాగేది. ఆరు నెలలు నిండి ఇంట్లోకి చెంచా వచ్చింది. అక్కడ మొదలైంది తంటా.

తల్లి పెడితే తింటుంది. అమ్మమ్మ పెడితే తింటుంది. పక్కింటి పెద్దమ్మ మాటల సందులో మెదిపిన అరటిపండు చూపిస్తే దానికీ నోరు తెరుస్తుంది. కత్తెర చెంచా పట్టుకుంటే మాత్రం పెదాలు రెండూ లోపలికి లాక్కొని తలుపు వేసేస్తుంది. ఇక ఆ తలుపు తీయించడం ఎవరి తరమూ కాదు.

ఊరికే ముచ్చటకైతే ఎవరు పెడితే ఏముంది? కాని సోమవారం నుంచి కత్తెర భార్య డ్యూటీలో చేరాలి. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం దాటాకే రాక. అందాకా బుంగికి తిండి పెట్టాల్సింది తండ్రే. ఎనిమిది నెలల పిల్ల పాలతోనే పూట గడపలేదు కదా. సాయానికి వచ్చిన అత్తగారు ఈ బాగోతమంతా చూసి చూసి, శుక్రవారం నాడు తేల్చి చెప్పేసింది.

"చూడండి అల్లుడుగారూ, నేను ఐదుగుర్ని పెంచిన దాన్ని. నాకు తెలీక అడుగుతాను, పిల్ల ఆకలితో ఉంటే మీరు జుట్టు కత్తిరించుకుంటూ కూర్చుంటారా? ఇక్కడే ఉండిపోదామంటే మీ మావగారు నేను లేకపోతే మంచినీళ్ళు కూడా మాడబెట్టే మనిషి. ఆదివారం లోపల మీ చేత్తో ఒక్క గిన్నె తినిపించండి, నోరెత్తకుండా వెళ్ళిపోతాను. లేదా, సోమవారం రైలుకి దీన్ని నాతో తీసుకెళ్తా. నడక వచ్చి, తన ముద్ద తను తినడం నేర్చాక తెచ్చి అప్పజెప్తా."

"అంటే ఏడాది పడుతుందేమో, అత్తయ్యా!"

"పడితే పడుతుంది. పిల్ల ఎండిపోవడం కంటే నయం కాదూ?"

కత్తెర దిక్కుతోచక భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని, అమ్మ మాటకు ఎదురు చెప్పడానికి ఆమెకూ దారి కనిపించలేదు.

శుక్రవారం, శనివారం అతను చెయ్యని ప్రయత్నం లేదు. చిలగడదుంప ఉడికించి వెన్నలా మెదిపాడు. గుమ్మడికాయ మెదిపాడు. పలుకు మిగలకుండా అన్నం జావలా చేశాడు. పచారీ కొట్టు నుంచి నెమలి బొమ్మ ఉన్న చెంచా తెచ్చాడు. పిల్ల ఒంటి మీద చుక్క పడకుండా మెడ చుట్టూ శుభ్రంగా గుడ్డ కట్టి, ఎదురుగా కూర్చొని, చెంచాను బస్సు చేసి నడిపాడు.

"పీం పీం! అమ్మ బస్సొస్తోంది, బుంగీ. స్టాపు దగ్గర తలుపు తియ్యాలి మరి!"

బుంగి పెదాలు బిగించింది. పైగా కళ్ళు కూడా గట్టిగా మూసుకుంది. చుబుకం ముడతలు పడేంతగా బిగబట్టి, ఎప్పుడైపోతుందా అన్నట్టు కూర్చుంది.

"ఈ స్టాపులో బస్సు ఆగదు," అంది భార్య, నవ్వాలో ఏడవాలో తెలియక.

అత్తగారు ఊరుకుంటుందా? "నోరే కాదు, కళ్ళు కూడా మూసేసుకుంటోందండీ. మొహం చూడ్డానికే ఇష్టం లేనట్టుంది," అంది. ఆవిడ నోటికి ఆ పూట కాస్త దురద ఎక్కువైంది, అంతే. మనసులో విషం లేదు. కాని ఆ మాట కత్తెరకు సూటిగా తగిలింది. నిజమే కదా, తిండి నచ్చకపోతే నోరు మూసుకుంటారు గాని కళ్ళు ఎవరు మూసుకుంటారు? సీసా పాలు తాగేటప్పుడు కళ్ళలోకి చూసే పిల్ల, ఇప్పుడు తనను చూడ్డానికే ఒప్పుకోవడం లేదు. నేనేం తప్పు చేశాను తల్లీ అని లోపలే కుమిలిపోయాడు. రెండు నెలల కిందట వెంట్రుకలు కళ్ళలో పడుతున్నాయని ఆ ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టి ముందు జుట్టు కాస్త కత్తిరించాడు. అప్పుడు వీధంతా పరుగెత్తుకొచ్చేలా గుక్కపట్టి ఏడ్చింది. అదొక్కటి తప్ప దాన్ని ఏడిపించిన పాపాన పోలేదు. ఆ ఏడుపు కూడా సాయంత్రానికల్లా మరిచిపోయి చంకెక్కింది.

శనివారం సాయంత్రం అత్తగారు సంచి తీసి బుంగి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. చిన్న చిన్న గౌన్లు, ఉన్ని టోపీ, మేజోళ్ళు ఒక్కొక్కటే సంచిలోకి పోతుంటే కత్తెర అక్కడ నిలబడలేక ముందు గదిలోకి వచ్చి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

ఆదివారం సెలూన్‌కు ఊపిరి సలపని రోజు. తెరిచీ తెరవగానే రేడియో తాతగారు వచ్చి కుర్చీ ఎక్కాడు. వాతావరణం, కూరల ధరలు, కోడలి నడుం నొప్పి, ఏదీ వదలకుండా ఉన్నవి ఉన్నట్టు ప్రసారం చేస్తాడు కాబట్టి ఆయనకా పేరు. పళ్ళు ఎప్పుడో రాలిపోయాయి. కట్టుడు పళ్ళు జేబులో ఉంటాయి. అవి పెట్టుకుంటే మాటల వేగం తగ్గుతుందని ఆయన బాధ.

"ఏంట్రా కత్తెరా, మొహం అలా వేలాడేశావు? పిల్ల ఇంకా తినట్లేదా? దానికేముందిరా, నేను మా పెద్దాడికి..."

కత్తెర వింటున్నాడో లేదో అతనికే తెలియదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తెల్లగుడ్డ విదిలించాయి, మెడ చుట్టూ కట్టాయి. ఒక పక్క జుట్టు కత్తిరించడం అయింది. ఇక నుదుటి మీదిది.

"...వాడికి ఏం చేశానంటే, పొద్దున్నే లేపి, ఒక చిన్న..."

కత్తెర ఎడమ చెయ్యి ఆయన నడినెత్తిన పడింది.

రేడియో ఆగిపోయింది. మాట మధ్యలో, టక్కున. ఆయన పెదాలు రెండూ లోపలికి పోయాయి, కళ్ళు గట్టిగా మూతపడ్డాయి, చుబుకం ముడతలు పడింది. పళ్ళు లేని ఆ నోరు, ఆ బిగపట్టడం, ఎప్పుడైపోతుందా అన్నట్టు ఆ కూర్చోవడం! కత్తెర అద్దంలోకి చూసి కొయ్యబారిపోయాడు. అది రేడియో తాతగారి మొహం కాదు. అచ్చంగా బుంగి మొహం.

"తాతగారూ! నోరెందుకు మూసుకున్నారు?"

"ఓరి నీ అసాధ్యం కూలా! మూసుకోకపోతే జుట్టు తినమంటావట్రా?" అన్నాడాయన పెదాల సందులోంచి.

కత్తెర ఓసారి ఆయన మెడ చుట్టూ ఉన్న తెల్లగుడ్డను చూశాడు, ఓసారి నెత్తి మీది తన ఎడమ చేతిని చూశాడు. చెంచా పట్టిన నాటి నుంచి పిల్ల ముందు తను ఏం చేశాడో అంతా కళ్ళకు కట్టింది. అదే గుడ్డ, అదే విదిలింపు. ఎక్కడ కదిలిపోతుందోనని నెత్తిన అదే చెయ్యి. ఆ చెయ్యి అక్కడికి వెళ్తోందని అతనికే తెలియలేదు. రెండు నెలల కిందట జుట్టు కత్తిరిస్తూ "నోరు మూసుకో తల్లీ, కళ్ళు మూసుకో తల్లీ, జుట్టు పడుతుంది" అని బతిమాలింది కూడా తనే. బుంగి తన మీద అలగలేదు. తన మొహం చూడనని అనలేదు. నాన్న చెప్పిన మాట తు.చ. తప్పకుండా వింటోంది, బంగారు తల్లి!

"ఓలమ్మో!" అని కేక పెట్టి, చేతిలో కత్తెరను అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాడు.

"ఒరేయ్, నా రెండో పక్కరా!" అంటున్న రేడియో మాట కర్టెన్‌కు తగిలి ఆగిపోయింది.

మరుక్షణం బుంగిని చంకనేసుకొని, మెదిపిన గుమ్మడికాయ గిన్నెతో తిరిగొచ్చాడు. వెనకాలే భార్య, ఆమె వెనక సంచి చేతిలో పట్టుకొనే అత్తగారు. రేడియో తాతగారు సగం క్రాపుతో కుర్చీ ఖాళీ చేశాడు. కత్తెర బుంగిని ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టి, జారకుండా భార్య దుపట్టాతో నడుముకు కట్టి, కుర్చీని పైకి లేపాడు. తను చిన్న పీట లాక్కొని దానికంటే కిందగా కూర్చున్నాడు.

"గుడ్డ కట్టరేం? కుర్చీ పాడైపోదూ?" అంది అత్తగారు.

"పోనివ్వండి అత్తయ్యా, నా కుర్చీయేగా."

చెంచా నింపాడు. కుడిచెయ్యి బయల్దేరీ బయల్దేరకముందే ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచి బుంగి నెత్తి వైపు ప్రయాణం కట్టింది. బుంగి కళ్ళు మూసుకోవడానికి సిద్ధపడింది. కత్తెర ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఒడిలో పెట్టుకుంటే మళ్ళీ లేచింది. తొడ కింద పెట్టుకుంటే చెంచా వణికింది.

"ఇదిగో, దీన్ని పట్టుకో," అన్నాడు భార్యతో, ఎడమ చెయ్యి వెనక్కి చాపి. "ఎంత లాగినా వదలకు. ఇది నా మాట వినదు."

"చేతిని పట్టుకోవాలా? ఎందుకూ?"

"తర్వాత చెప్తా. ముందు పట్టుకోవే!"

బస్సు స్టీరింగు తిప్పే చేతులు. ఆమె పట్టుకుందంటే ఇక ఆ చెయ్యి కదిలేది లేదు. కత్తెర చెంచాను బుంగి ఎదురుగా పెట్టి ఆగాడు. బస్సు హారను కొట్టలేదు, పాట పాడలేదు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. చివరికి రేడియో కూడా.

బుంగి మెడ చుట్టూ చూసుకుంది. గుడ్డ లేదు. నెత్తి మీద చెయ్యి లేదు. కింద నాన్న మొహం ఉంది, సీసా పాలప్పుడు ఉండే మొహమే. నాన్న కళ్ళలోకి చూసింది. తర్వాత చెంచాను చూసింది. కాస్త ముందుకు వంగి, బుంగమూతి విప్పి, "ఆఁ" అంది.

చెంచా లోపలికి వెళ్ళి ఖాళీగా బయటికొచ్చింది.

"తిన్నది!" అని అరిచాడు రేడియో తాతగారు. ఆయన ప్రసారాల్లోకెల్లా చిన్నది అదే. ఆ వేళ వీధంతా తిప్పింది కూడా దాన్నే.

రెండో చెంచా, మూడో చెంచా. తర్వాత బుంగికి చెంచా వేగం చాలక గిన్నెలో చెయ్యి పెట్టేసింది. గుమ్మడికాయ బుగ్గలకెక్కింది, కుర్చీ చేతులకెక్కింది, అద్దానికి ఐదు వేళ్ళ ముద్ర పడింది. గడ్డం మీద ఒక్క వెంట్రుక మిగిలితే తోచని కత్తెర, ఆ మరకల్ని చూస్తూ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు సంగతంతా, గుడ్డ నుంచి ఎడమ చేతి దాకా. భార్య అతని చెయ్యి వదలకుండానే నవ్వి నవ్వి పీట పక్కన కూలబడింది.

అత్తగారు గిన్నె తీసి అడుగు చూసింది. వేలితో గీరినా ఏమీ రాలేదు.

"నిన్న నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానండీ అల్లుడుగారూ," అంది. "పిల్ల మీ మాట వింటోంది కాబట్టే తినలేదు. నా పిల్లలు ఐదుగురిలో ఒక్కరూ నా మాట ఇంతలా విన్న పాపాన పోలేదు."

"అమ్మా, నేనిక్కడే ఉన్నా!" అంది కూతురు.

"నిన్నే అంటున్నా," అంటూ ఆవిడ సంచి తెరిచి, ఉన్ని టోపీ, మేజోళ్ళు, గౌన్లు ఒక్కొక్కటే తీసి కూతురి చేతుల్లో పెట్టింది. "వీటిని బీరువాలో పెట్టు. రేపు రైలుకి నేనొక్కదాన్నే వెళ్తా. ఈపాటికి అక్కడ ఎన్ని గిన్నెలు మాడాయో ఏమో."

"అమ్మా, మరి నా రెండో పక్క?" అన్నాడు రేడియో తాతగారు, ఎవరైనా వింటారేమోనని.

ఎవరూ వినలేదు. ఎందుకంటే కుర్చీలో బుంగి చెంచా లాక్కుంది. కుర్చీ చేతికి అంటిన కాస్త గుమ్మడికాయ దానికి పూసింది. కింద పీట మీద కూర్చున్న నాన్న వైపు వంగింది. ఎడమ చెయ్యి, జిగట జిగట వేళ్ళతో సహా, తీసుకెళ్ళి సరిగ్గా నాన్న నడినెత్తిన వేసి గట్టిగా నొక్కింది. అచ్చంగా సెలూన్ పద్ధతి. తర్వాత చెంచా అతని మూతి ముందు పెట్టింది.

కత్తెర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నోరు మాత్రం బార్లా తెరిచాడు.