తొండం తడి ఆరని ఏనుగు

గుడ్డ ఏనుగు తొండంలో ముక్కులత్త రెండు చుక్కల ఉప్పునీళ్ళు వేసింది. పిల్లల వార్డులో ఏ బిడ్డకు ముక్కు దిబ్బడేసినా ముందు వైద్యం ఏనుగుకే. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయారు. కూతురి పెళ్ళిచూపుల్లో సైతం, "నోటితో గాలి పీలుస్తున్నావేం నాయనా?" అని పెళ్ళికొడుకునే అడిగిన మనిషి. ఈ సాయంత్రంతో ఆమెకు రిటైర్మెంటు.

ఎదురుగా కూర్చున్న పిల్లతల్లికి ఏడుపొక్కటే తక్కువ. పడిశం పదిరోగాల పెట్టు అని ఊరికే అన్నారా! ఒళ్ళో పసివాడు రొమ్ము పట్టగానే ఊపిరాడక వదిలేస్తున్నాడు. పొద్దున ముక్కులత్త ముక్కు శుభ్రం చేస్తే కాస్త తాగాడు, అంతలోనే మళ్ళీ దిబ్బడ. సాయంత్రానికి సరిగ్గా తాగకపోతే గొట్టంతో పాలు పట్టాల్సిందేనన్నారు డాక్టరుగారు. ప్రతి పాలపూటకూ నర్సు వచ్చేదాకా వాడు ఆగలేడు. తల్లే నేర్చుకోవాలి.

"నా వల్ల కాదత్తా. వాడికి నొప్పి చేస్తానేమో."

"ముందు ఏనుగుకు చెయ్యి. ఇది ఏమీ అనుకోదు."

ఆ అమ్మాయి చీమిడి లాగే రబ్బరు బుడ్డి కొసను తొండంలో పెట్టి గట్టిగా నొక్కింది. నీళ్ళు చిమ్మి ముక్కులత్త కళ్ళజోడు మీద పడ్డాయి. పక్క మంచాల తల్లులు పకపకా నవ్వారు.

"చీమిడి లాగమంటే గాలి కొడతావేంటే తల్లీ, సైకిలు ట్యూబా అది? బయటే నొక్కు. తర్వాత ముక్కు అంచున పెట్టి మెల్లగా వదులు."

ఆస్పత్రికి వచ్చాక మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. ఏనుగుకు ఇంకోసారి చేసి, పిల్లాడికి చుక్కలు వేసి, కాసేపాగి, బుడ్డి నొక్కి, పెట్టి, వదిలింది. గుర్రుమంటూ చీమిడి వచ్చింది. వాడు గుక్కపట్టి ఏడ్చి, ఉన్నట్టుండి నోరు మూసి ముక్కుతో గాలి పీల్చాడు. తనకే వింతైనట్టు కళ్ళు పెద్దవి చేసి రొమ్ము అందుకున్నాడు. గుటకల చప్పుడు వింటూంటే ముక్కులత్తకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నిసార్లు విన్నా ఆమెకది తనివితీరని చప్పుడే.

సాయంత్రం పాలవేళకు ఆ తల్లి ఎవరినీ పిలవలేదు. తనే ముక్కు శుభ్రం చేసి కడుపునిండా పాలిచ్చింది. గుమ్మంలోంచి చూస్తున్న ముక్కులత్తకు, పిలవలేదేమని కాస్త చివుక్కుమంది, అంతకు పదింతలు సంతోషమేసింది. గొట్టం అక్కర్లేదన్నారు డాక్టరుగారు.

ఏనుగును గుర్తుగా తీసుకెళ్ళమన్నారు తోటి నర్సులు.

"దానికింకా సర్వీసుంది," అని నవ్వుతూ సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తల్లి మంచం పక్కన, కిటికీ గట్టు మీద ఏనుగు కూర్చుని ఉంది. దాని తొండం ఇంకా తడిగానే ఉంది.