రంగులు చెప్పే మనిషి

పడవ మాట్లాడుకున్నది ఇద్దరికి. వచ్చింది ఒక్క మనిషే.

సరంగు చేతిలోని కాగితం చూసుకున్నాడు. భార్యాభర్తలు అని ఉంది. ఆమె వెనక ఇంకెవరైనా సామాను మోసుకుంటూ వస్తున్నారేమోనని రేవు చివరిదాకా చూశాడు. దర్జీ భార్య తన సంచీ తానే పట్టుకుని పలక మీదుగా పడవలోకి దిగింది. ఆయన పోయి నాలుగు నెలలైందని, కాగితం మార్పించే ఓపిక లేక అలాగే వచ్చేశానని రెండు ముక్కల్లో చెప్పింది. సరంగుకి పరామర్శ మాటలు చేతకావు. లోపలికెళ్లి రెండో పక్క మీద పరిచిన దుప్పటి తీసి, మడతపెట్టి, పెట్టెలో పెట్టేశాడు.

చిన్న తెరచాప పడవ అది. అద్దెకి తీసుకుంటే నడపడానికి సరంగూ దాంతోపాటే వస్తాడు. వారం రోజులు దీవుల మధ్య తిప్పి మళ్లీ అదే రేవులో దింపుతాడు.

ఈ కోరిక ఆమెది కాదు, దర్జీది. దారాల కంపెనీ ఇచ్చిన క్యాలెండరులో ఏప్రిల్ నెలకి ఒక బొమ్మ ఉండేది. చుట్టూ పగడపు దిబ్బలు, మధ్యలో పిడికెడు దీవి. ఏప్రిల్ వెళ్లిపోయినా ఆయన ఆ కాగితం తిప్పనివ్వలేదు. ఆ ఏడాది పొడుగునా వాళ్ల కొట్టులో ఏప్రిలే. వెళ్దాం వెళ్దాం అనుకున్నప్పుడల్లా బడిపిల్లల యూనిఫారాలు నెత్తిన పడేవి. ఎలాగైతేనేం ఈసారి పడవ ఖాయం చేశాడు. కొట్టుకి తగిలించే సెలవు బోర్డు కూడా ముందే రాసి పెట్టుకున్నాడు.

ఒక్కదానివీ సముద్రం మీద ఏం చేస్తావని చెల్లెలు ఫోనులో చీవాట్లు పెట్టింది.

"ఇంట్లో మాత్రం ఏం చేస్తున్నానే" అంది దర్జీ భార్య.

ఆ దీవి మీద కాలు పెడితే చాలనుకుంది ఆమె. మిగతా దీవులు చూసినా సరే, చూడకపోయినా సరే.

ఐదు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. పొద్దున్నే తెరచాప ఎత్తడం, మధ్యాహ్నానికి ఏదో ఒక దీవి పక్కన లంగరు వెయ్యడం. పక్క పడవల్లో వాళ్లు చేతులూపితే ఆమే ఊపేది. ఎగిరే చేపలు ఒక గుంపుగా లేచినప్పుడు చెప్పబోయి పక్కకి తిరిగింది. పక్కన తాడు చుట్ట ఉంది. ఆ తర్వాత చేపలు లేచినా ఆమె తల తిప్పలేదు.

ఆరో రోజు ఆ దీవి కనబడింది. సరంగు తెరచాప దించి, ఇంజను వేసి, పడవని దిబ్బల బయటే ఆపాడు. ఇక్కడ అతనిది ఒక పద్ధతి. సూర్యుడు నడినెత్తిన ఉంటేనే లోపలికి పోతాడు, అదీ పడవ ముక్కు మీద ఒక మనిషి నిలబడి నీళ్ల రంగు చెబుతుంటేనే. వెనక చుక్కాని దగ్గరున్న వాడికి ఎదుటి నీళ్లు కనబడవు. ముదురు నీలమైతే లోతు. లేత ఆకుపచ్చయితే ఇసుక, మెల్లగా పోవచ్చు. గోధుమరంగు కనబడిందా, అది పగడపు రాయి, పడవ అడుగు చీరేస్తుంది. ఒకసారి ఒక జంట కుడి అని ఒకరు, ఎడమ అని ఒకరు పోట్లాడుకుంటే పడవ ఉన్నచోటే మూడు చుట్లు తిరిగిందని చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"కాగితంలో మీ పేరే ఉందమ్మా" అన్నాడు. "ముందు నిలబడేదెవరని అడిగితే, నా భార్య, రంగులు బాగా చెబుతుంది అని మీవారు రాశారు."

ఆ సంగతి ఆయన ఆమెతో చెప్పలేదు.

రంగులు చెప్పడమే ఆమె పని, ముప్ఫై ఏళ్లుగా. దర్జీ కత్తెర పట్టాడంటే ఊళ్లో తిరుగులేదు గానీ, ఆయన కళ్లకి ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ అన్నీ ఒకటే. దర్జీకి రంగులు తెలియవని బయటపడితే కొట్టు మూసుకోవాల్సిందే. అందుకని గిరాకీల ముందు మాట్లాడుకోవడానికి ఇద్దరూ ఒక భాష కట్టుకున్నారు. గుడ్డ చూసి రంగు చెప్పేది ఆమె, దానికి పేరు పెట్టేది ఆయన. ముదురు నీలం హెడ్మాస్టరు. లేత ఆకుపచ్చ నర్సమ్మ, వాళ్లింటి కర్టెన్ల పుణ్యమా అని. గోధుమరంగు పెళ్లికొడుకు. సూటు కుట్టించుకుని, పెళ్లి చెడిపోయి, దాన్ని తీసుకెళ్లని కుర్రవాడొకడు ఉండేవాడు. గుడ్డ చూసి ఆమె 'పెళ్లికొడుకు' అంటే, 'అయితే పెళ్లికొడుకునే అందుకో' అని ఆయన అనేవాడు, ఆమె గోధుమరంగు దారం అందించేది. గిరాకీలు అదేదో వాళ్లింటి వేళాకోళమనుకునేవారు.

ఆమె వెళ్లి ముక్కు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. పడవ దిబ్బల మధ్యకి దూరింది. ఇంజను చప్పుడు మీద వినబడేలా గొంతెత్తి నీలం అంది, మళ్లీ నీలం అంది. తర్వాత నీళ్లు పలచబడ్డాయి. ఎడమ పక్కనుంచి ఏదో ముదురుగా, పెద్దగా, జరిగి వస్తున్నట్టు పడవ కిందికి వచ్చింది. ఆలోచించుకునే వ్యవధి లేదు.

"పెళ్లికొడుకు" అని అరిచింది. "ఎడం వైపు పెళ్లికొడుకు."

"ఎవరు?" అన్నాడు సరంగు.

అడుగున రాయి గీసుకున్న చప్పుడు ఆమె అరికాళ్లలోకి వచ్చింది. సరంగు పడవని వెనక్కి లాగి, దిబ్బల బయటకి తెచ్చి నిలబెట్టాడు. నీళ్లలోకి దిగి, పడవ అడుగు తడిమి చూసి, పైకొచ్చాడు. రంగే పోయింది, చెక్కకేం కాలేదన్నాడు. ఆ తర్వాత తడి మొహం తుడుచుకుంటూ ఆ పెళ్లికొడుకెవరో అడిగాడు.

"గోధుమరంగు. మా ఇంట్లో అలా అంటాం."

అలా ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాడు. చాలా ఉన్నాయంది. ఎందుకలా అంటారో అతను అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. ముప్ఫై ఏళ్లు గిరాకీలకి తెలియకుండా దాచిన సంగతి, ఆయన పోయాడని ఎవరికో చెప్పడమేమిటి.

"అవన్నీ నేర్చుకునే టైం లేదమ్మా" అన్నాడు సరంగు మెత్తగానే. "ఎండ వాలకముందే ఇంకొక్కసారి చూస్తాను. అందరూ అనే మాటల్లో చెప్పండి. ఈసారి తగిలితే మాత్రం తిరిగి రేవుకే."

ఆమె తలూపింది.

రెండోసారి ఆమె ఒక్క మాట కూడా తడబడలేదు. నీలం. నీలం. ఆకుపచ్చ. గోధుమ, ఎడమ పక్క. ఇంకొంచెం కుడికి. నీలం. ఆ మాటలు ఇంత సులువుగా వస్తాయని ఆమె అనుకోలేదు. గోధుమ అన్నప్పుడు గోధుమే కనబడింది. ఆ సూటు గానీ, ఆ కుర్రవాడు గానీ, కత్తెర ఆపి కళ్లద్దాల మీదుగా చూసే మనిషి గానీ కనబడలేదు. పడవ ఎక్కడా తగలకుండా లోపలికి చేరింది. "భేష్" అన్నాడు సరంగు.

దీవి బొమ్మలో ఉన్నదానికంటే చిన్నది. ఇటు నుంచి అటు నడిచి తిరిగి రావడానికి పావుగంట కూడా పట్టలేదు. ఆమె చెప్పులు విడిచి నీళ్ల అంచున కూర్చుంది. ఇసుక కాలుతోంది. వెళ్లాలనుకున్న చోటుకి వచ్చేసింది. ఇక్కడ ఆయన ఏమనేవాడో ఆలోచించి చూసింది. ఆయన మాటలు ఎప్పుడూ ముందే అందేవి కావు. అందుకే నవ్వొచ్చేది. అలాంటి మనిషి మాటని ఇప్పుడు తను ఊహించి పెట్టుకుంటే అది తన మాటే అవుతుంది.

సరంగు పడవలోంచి చెయ్యి ఊపాడు. పొద్దు వాలుతోంది.

బయటికి పోయేటప్పుడూ ముందు మనిషి ఉండాల్సిందే. ఆమె మళ్లీ కమ్మీ పట్టుకుంది. దీవి వెనకాల పోతోందని తెలుసు. తల తిప్పడానికి లేదు. వాలిన వెలుతురులో నీళ్లు మారిపోయాయి. చివరి దిబ్బ దాటేచోట నీలమూ కాని, ఆకుపచ్చా కాని రంగొకటి అడ్డంగా పరుచుకుని ఉంది. దానికి లోకం పెట్టిన పేరేమిటో ఆమెకి తెలియదు. ఆ రంగు గుడ్డ ఎన్నడూ వాళ్ల కొట్టుకి రాలేదు. పేరు పెట్టే మనిషి లేడు.

"ఏం రంగమ్మా?" వెనకనుంచి సరంగు అరిచాడు.

ఆమె ఇంకొంచెం ముందుకి వంగి చూసింది. అడుగు కనబడటం లేదు.

"లోతుగానే ఉంది" అంది. "పోనివ్వండి."