విటమిన్ల సీసా

యుద్ధానికి వెళ్ళేవాళ్ళు కూడా నా అంత హడావుడి చెయ్యరని మా ఆయన వేళాకోళం. చెయ్యనివ్వండి. ఆయనది కరెంటు పని, వైరు తెగాక అతికిస్తారు. తెగకముందే బెంగపడటం నా వంతు. అమ్మాయి హాస్టల్లో చేరడానికి నెల ముందే ఫ్రిజ్ తలుపు మీద జాబితా అంటించాను: బకెట్టు, మగ్గు, రెండు చెవులున్న తాళం, బట్టలారేసుకునే తాడు, దిండు గలీబులు. పక్కనే కాలేజీవాళ్ళు పంపిన ఐదు రోజుల ఓరియంటేషన్ కాగితం. మొదటి రోజు రాత్రి పన్నెండింటి దాకా పరిచయాలు, ఆటపాటలు అని ఉన్నచోట ఎర్రసిరాతో సున్నా చుట్టాను. నిద్ర చెడితే మా పిల్లకు ఫిట్స్ వస్తాయి.

ఈ మాట బయటికి చెప్పడం నాకు చేతకాదు. ఎనిమిదో తరగతిలో అది స్కూలు మైదానంలో వరుసలో నిలబడి ఉండగా పడిపోయింది. సాయం చేస్తున్నామనుకుని ఎవరో నోట్లో చెంచా కుక్కి ముందుపన్ను విరగ్గొట్టారు. పన్ను కట్టించాం. కానీ మర్నాటి నుంచి దాని బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. వాళ్ళ అమ్మలు కూర్చోనివ్వలేదు, అంటుకుంటుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఏ ఒక్కరినీ పల్లెత్తు మాట అనలేక ఇల్లు మార్చాం, స్కూలు మార్చాం, కొత్తచోట నోరు కుట్టేసుకున్నాం. మందు పనిచేసి, చివరిసారి వచ్చి పద్నాలుగు నెలలైంది.

హాస్టల్ ఫారంలో ‘దీర్ఘకాలిక జబ్బులేమైనా ఉన్నాయా’ అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ‘లేవు’ అని రాశాను.

“నిజం రాసెయ్యవే. పిచ్చుక అక్కడ ఒంటరిగా ఉంటుంది, ఎవరో ఒకరికి తెలియాలి కదా” అన్నారు మా ఆయన. పిచ్చుక అంటే మా అమ్మాయే. ఐదున్నర అడుగులు ఎదిగినా ఆయనకు పిచ్చుకే.

“రాయండి. రేపు పక్క మంచం పిల్లని వాళ్ళమ్మ పెట్టెతో సహా లాక్కుపోతే, మీరెళ్ళి తోడు పడుకోండి.”

అమ్మాయి ఎదురుగానే కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. తల ఎత్తలేదు. ఒప్పుకుందనుకున్నాను.

నేను మందుల షాపులో పన్నెండేళ్ళుగా కౌంటరు చూస్తున్నాను. ఒక సీసాలో మాత్రలు ఇంకో సీసాలో పోయకండి అని రోజుకు పదిమందికైనా చెబుతాను. అలాంటి నేనే ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని, రెండు నెలలకు సరిపడా మాత్రలన్నీ రేకుల్లోంచి ఒక్కొక్కటే నొక్కి తీసి, విటమిన్ల సీసాలో పోశాను. బొటనవేలు రెండు రోజులు నొప్పి పెట్టింది.

“ఎవరైనా అడిగితే విటమిన్లని చెప్పు. మొదటి రోజు తొమ్మిదిన్నరకి తలనొప్పని చెప్పి వచ్చి పడుకో.”

“రోజూ తలనొప్పేనా అమ్మా?” అంది. వెటకారమనుకుని కసిరాను.

చేరే రోజు వచ్చింది. మూడో అంతస్తులో గది ఇచ్చారు. రెండు మంచాలు, రెండు బల్లలు, ఒకటే కిటికీ. పక్క మంచం అమ్మాయి సన్నగా పొడుగ్గా ఉంది, బట్టలు మడతపెడుతోంది. వాళ్ళమ్మ బస్సు కండక్టరట. వచ్చిన ఐదు నిమిషాల్లో నన్ను వదినగారిని చేసేసింది. చీపురు పట్టుకుని మా వైపు కూడా తనే ఊడ్చింది. ఇలాంటి మనిషి దొరికిందని లోలోపల ఎంత పొంగిపోయానో. మా ఆయన పరుపు పడేసి, రెండో విడత సామాను తేవడానికీ, ఫీజు వరసలో నిలబడటానికీ కిందికి వెళ్ళారు.

“మీరు విటమిన్లు కూడా తెచ్చారే, వదినగారూ. మాదానికి ఆ ధ్యాసే లేదు. పొద్దుట్నుంచి ఎండలో తిరిగి చూడండి ఎలా వాడిపోయిందో.” అంటూనే బల్ల మీది సీసా మూత తీసి, ఒక మాత్ర కూతురి అరచేతిలో పెట్టి, నీళ్ళసీసా అందించింది.

మా అమ్మాయి నా వైపే చూస్తోంది. ఆవిడ వైపు కాదు, నా వైపే.

“వద్దండీ. అవి... వాటికి డేటు అయిపోయింది” అన్నాను.

“అయ్యో, మరి బంగారంలాంటి పిల్లకి ఇలాంటివి ఎలా ఇచ్చారండీ?” అని ఆవిడ కూతురి చేతిలోంచి మాత్ర లాక్కుని, సీసాతో సహా చెత్తబుట్ట దగ్గరికి నడిచింది.

మా అమ్మాయి అడ్డం వెళ్ళి సీసా తీసుకుంది.

“అవి విటమిన్లు కావు, ఆంటీ. నాకు ఫిట్స్ వస్తాయి. వాటికి మాత్రలివి.” తడబడకుండా చెప్పింది. “వస్తే భయపడక్కర్లేదు. నన్ను గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, పక్కకి తిప్పి టైము చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి.”

డాక్టరు కాగితంలోని మాటలే. ఇది ఎప్పుడు కంఠతా పట్టిందో, ఎన్నాళ్ళ నుంచి ఎవరితోనైనా చెప్పాలని దాచుకుందో నాకు తెలియదు.

ఆవిడ చీపురు గోడకు ఆనించి, “ఒక్క ఫోన్ చేసుకోవాలి” అని కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఈసారి వదినగారూ అనలేదు.

పావుగంటలో వార్డెన్ వచ్చింది. కేకలేస్తుందనుకున్నాను. వేసినా బాగుండేది.

“కింద నా గది పక్కనే రెండు మంచాలు ఇలాంటి పిల్లల కోసమే అట్టేపెడతామండీ. ఫారాల్లో ఎవరూ రాయలేదని పొద్దున్నే వేరేవాళ్ళకి ఇచ్చేశాను. ఇప్పటికిప్పుడు వాళ్ళని లేపలేను. సోమవారం దాకా ఇక్కడే సర్దుకోవాలి” అని, నా ఫారం బల్ల మీద పెట్టి, “సరిచేసి ఇవ్వండి” అని వెళ్ళిపోయింది.

పిల్లకు కావలసిన చోటు ఉంది. నేనే నా చేత్తో పోగొట్టాను.

“ఇంటికి పోదాం పద. వచ్చే ఏడు చూద్దాం” అన్నాను.

“నేను రాను.” గోటితో సీసా మీది విటమిన్ల కాగితం గీకుతోంది. “నేనంటే నీకు సిగ్గనుకున్నానమ్మా, ఇన్నాళ్ళూ.”

“సిగ్గు కాదే. భయం.”

“నాకెలా తెలుస్తుంది?”

మంచం అంచున కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

తలుపు దగ్గర పొడుగమ్మాయి నిలబడి ఉంది. ఒక్కతే వచ్చింది. “అమ్మ కింద ఆఫీసులో గది మార్చమని అడుగుతోంది. నా బ్యాగు తెమ్మంది” అంది నేల చూపులు చూస్తూ. బ్యాగు భుజాన వేసుకుంది. గడప దాకా వెళ్ళి ఆగింది.

“పక్కకి తిప్పాలన్నావు కదా. ఎలా తిప్పాలి?”

మా అమ్మాయి నా వైపు చూసింది. “నాకు తెలీదు. అప్పుడు నాకు తెలివుండదు. అమ్మకి తెలుసు.”

అవును, నాకు తెలుసు. తలుపులు మూసి, కిటికీ తెరలు లాగి పదకొండుసార్లు తిప్పాను. ఎవరికీ కనపడకూడదన్నదే నా తాపత్రయం.

అమ్మాయి నేల మీద వెల్లకిలా పడుకుంది. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దగ్గరి చెయ్యి చాపి, అవతలి మోకాలు మడిచి, నెమ్మదిగా నా వైపు తిప్పాను. “ముందు చుట్టూ ఉన్నవి తీసెయ్యాలమ్మా. కదలడం తగ్గాక ఇలా తిప్పాలి. గడ్డం కాస్త పైకెత్తితే ఊపిరాడుతుంది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పొడుగమ్మాయి బ్యాగు కింద పెట్టింది. వచ్చి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

“మళ్ళీ ఒకసారి వెల్లకిలా పడుకోవా? నేను తిప్పి చూస్తాను.”

కింద నుంచి వాళ్ళమ్మ పిలుస్తూనే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది, వరండాలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను లేచి మూయలేదు.