పొడుగు ఆడిన నిమిషాలు

సాయంత్రం డిపో నుంచి రాగానే ఇంటావిడ చేసే మొదటి పని కంప్యూటర్ బల్ల ముందు పాత దుప్పటి మడిచి పరవడం. దాని పక్కన ఒక బకెట్టు మంచినీళ్ళు, నాలుగు గ్లాసులు పెడుతుంది. ఈలోగా భర్త చొక్కా మార్చుకుని వచ్చి బాస్కెట్‌బాల్ లీగ్ తెరుస్తాడు. ఆడేది కంప్యూటరే. జట్లు, ఆటగాళ్ళు, రెఫరీ ఈల, అన్నీ అందులో పుట్టినవే. విరామం రాగానే ఆటగాళ్ళు తల వంచుకుని తెరలోంచి ఒక్కొక్కరే దిగి, దుప్పటికి బూట్లు తుడుచుకుని, నీళ్ళు తాగి మళ్ళీ లోపలికి పోతారు. తాగిన గ్లాసు ఒక్కడు తప్ప ఎవడూ కడగడని ఇంటావిడ ఫిర్యాదు. అంతకుమించి వాళ్ళతో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్. పగలంతా కొట్ల వెంట తిరిగి కాటాలు సరిచూసే మనిషి. పెళ్ళికొచ్చిన బహుమతులు కూడా తూచి తీసుకున్నాడని బావమరిది ఊరంతా చెబుతుంటాడు. అది అబద్ధమే గాని, విన్నవాళ్ళెవరూ అనుమానపడరు. అలాంటివాడు లీగ్‌లో చేరి ఊరుకుంటాడా? ఆటగాళ్ళ సామర్థ్యానికి ఒక లెక్క తయారుచేశాడు. వేసిన పాయింట్లు, పట్టిన రీబౌండ్లు, పాయింట్లు తెచ్చిన పాసులు కలపాలి. తప్పిన షాట్లు, పోగొట్టిన బంతులు తీసేయాలి. మిగిలినదాన్ని ఆడిన నిమిషాలతో భాగించాలి. సీజన్ ఆఖరి మ్యాచ్ ముగిసే వేళకి ఆ అంకె అందరికన్నా ఎవరికి తక్కువుంటే వాణ్ణి కంప్యూటరే తుడిచేయాలని రూలు పెట్టించిందీ ఆయనే. మరీ అంత కఠినం వద్దని మిగతా జట్లవాళ్ళు బతిమాలారు. "కొలిచాక మొహమాటం ఏంటి?" అని అందరి నోళ్ళూ మూయించాడు.

ఈసారి అట్టడుగున ఉన్నది ఆయన జట్టువాడే, పొడుగు. జెర్సీ మీద వేరే పేరేదో ఉంది గాని, ఇన్‌స్పెక్టర్ తల్లి మొదటిరోజే "ఒరేయ్ పొడుగూ" అని పిలిచింది, అదే ఖాయమైపోయింది. ఆవిడ కిందటేడు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని భయం వదల్లేదు. కొడుకు చెయ్యందిస్తే "గుంజుతావురా" అంటుంది, కోడలు అందిస్తే "నీకన్నీ తొందరే" అంటుంది. తప్పనిసరైతే గొణుక్కుంటూ నాలుగడుగులు వేసి కుర్చీలో కూలబడుతుంది. సాయంత్రం మ్యాచ్ మొదలయ్యాక మాత్రం "పొడుగూ" అని ఒక్క కేక వేస్తుంది. అతను ఆట మధ్యలో ఉన్నా సరే దిగివచ్చి ముంజేయి చాపుతాడు. ఆవిడ అడుగు వేశాకే తను అడుగు వేస్తూ వంటింటి దాకా నడిపించి, ఫ్యాను రెక్కలు తగలకుండా మెడ వంచుకుని వెనక్కి తీసుకొస్తాడు. ఏ బల్బో మార్చాల్సి వస్తే అదీ మార్చేసి లోపలికి పోతాడు. ఆ ఇంట్లో స్టూలు తీసిన పాపాన ఎవరూ పోలేదు.

ఆఖరి మ్యాచ్‌కి ముందురోజు బట్టలు మడతపెడుతూ ఇంటావిడ అడిగింది. "ఏమండీ, పొడుగు అత్తయ్యని నడిపిస్తున్నప్పుడు లోపల ఆట ఆగుతుందా?"

"ఎందుకాగుతుంది? మిగతా నలుగురూ ఆడతారు."

"మరి ఆ నిమిషాలు ఎవరి లెక్కలో పడుతున్నాయి?"

ఇన్‌స్పెక్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాడి లెక్కలోనే."

ఆవిడ బస్సు డిపోలో టైమ్‌కీపరు. "బండి షెడ్డులో ఉన్న టైము రోడ్డు మీద తిరిగినట్టు వేస్తే మా డ్రైవర్లు నన్ను బతకనిస్తారా?" అని తువ్వాలు విదిలించింది.

ఆయన వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. లీగ్ ప్రోగ్రామ్ నడిపేది అతనే. అంతా విని, "ఎన్ని నిమిషాలు తీసేయాలో చెప్పు బావా, ఇప్పుడే తీసేస్తాను" అన్నాడు.

"అది ఎవరూ చూసుకోలేదురా."

"పోనీ ఉజ్జాయింపుగా చెప్పు. నీ మాట కాదనేవాడెవడు?"

ఉజ్జాయింపు అనే మాట ఇన్‌స్పెక్టర్ గొంతు దిగదు. కాసేపు గింజుకుని, "వద్దులే" అని ఫోన్ పెట్టేశాడు. ఇంటావిడ మడతపెట్టిన తువ్వాలు విప్పి మళ్ళీ మొదటినుంచి మడతపెట్టింది. కోపమొస్తే ఆవిడ చేసే పని అదే.

కుర్చీలోంచి తల్లి అంతా విన్నది. "అయితే నా మూలంగానేనా?" అంది. "రేపు నోరు విప్పను. వాణ్ణి హాయిగా ఆడుకోనివ్వండి."

మర్నాడు మ్యాచ్‌కి ముందు నీళ్ళకి వచ్చిన పొడుగుతో ఇన్‌స్పెక్టర్ విషయం చెప్పాడు. అతను గ్లాసు కడిగి బోర్లించాడు. జట్టులో ఆ పని చేసేది అతనొక్కడే.

"మామ్మగారు పిలిస్తేనో, సార్?"

"పిలవదు."

"పిలిస్తే మాత్రం వస్తాను."

ఆ సాయంత్రం పొడుగు ఎన్నడూ లేనంత బాగా ఆడాడు. ఒక్కసారి కూడా బయటికి చూడలేదు. అంకె మెల్లగా పైకి పాకుతుంటే ఇంటావిడ పొయ్యి కట్టేసి వచ్చి భర్త వెనక నిలబడింది. తల్లి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆట చివరికొచ్చేసరికి ఇంకో రెండు షాట్లు పడితే గట్టెక్కేలా ఉన్నాడు. ఒకటి రింగు మీద తిరిగి తిరిగి బయట పడింది. రెండోది తను వేయాల్సిందిపోయి, ఖాళీగా ఉన్నాడని పక్కవాడికి అందించాడు. వాడి గురి తప్పింది.

"చాలదా?" అంది తల్లి.

"ఇక చాలదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. తను పెట్టిన కొలత మీద తనకే అసహ్యం వేసింది. రోజూ తన ఇంట్లో నీళ్ళు తాగి గ్లాసు కడిగి వెళ్ళే మనిషి ఇంకాసేపట్లో ఉండడు. అది ఆపడానికి నిన్న ఒక్క మాట చాలేది.

భార్యాభర్తలిద్దరూ తెర వైపే చూస్తున్నారు. అప్పుడు వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఒరేయ్ పొడుగూ, అటక మీద పెద్ద గిన్నె అందడం లేదు. ఒకసారి ఇలా రా."

ముగ్గురే ఉన్న ఇంట్లో ఆ గిన్నె వాడి ఏళ్ళవుతోంది. లోపల బంతి పొడుగు చేతిలోనే ఉంది. తల ఎత్తి విన్నాడు. బంతి పక్కవాడికిచ్చి తెరలోంచి దిగి, దుప్పటికి బూట్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళాడు. వెనకాల చివరి ఈల మోగింది. జట్టు పట్టికలో ఒక వరుస ఖాళీ అయింది.

ఇన్‌స్పెక్టర్‌కి వంటింటి వైపు తల తిప్పే ధైర్యం లేకపోయింది. ఫోన్ మోగింది.

"తుడిచేసింది బావా," అన్నాడు బావమరిది దిగులుగా. "ఏమనుకోకు."

అటక మీంచి గిన్నె దిగుతున్న చప్పుడైంది. "ఎక్కడ పెట్టమంటారు మామ్మగారూ?" అన్న గొంతు వినిపించింది.

"నేను మళ్ళీ చేస్తాన్రా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వాడు గిన్నె దింపుతున్నాడు."

"ఏ గిన్నె బావా?"

పొడుగు చేతులు దులుపుకుంటూ వచ్చి తెర మీద అరచెయ్యి ఆనించాడు. అద్దం అద్దంలాగే ఉంది.

"అయిపోయిందా సార్?"

"అయిపోయింది."

"గెలిచామా?"

ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపి తెర ఆర్పేశాడు.

"గెలిచాం."

"ఎంత తేడాతో?"

"ఉజ్జాయింపుగా," అని ఆగి, గొంతు సవరించుకుని, "ఒక పది," అన్నాడు.

పొడుగు ముఖం విప్పారింది. ఇంటావిడ భర్త భుజం మీద చెయ్యేసింది. అప్పుడు చూసింది ఖాళీ కుర్చీని. పరుగున వంటింట్లోకి వెళ్ళింది. ముసలావిడ దేన్నీ పట్టుకోకుండా గట్టు ముందు నిలబడి ఉంది.

"అత్తయ్యా, ఇక్కడికెలా వచ్చారు?"

"నడిచొచ్చాను. ఇంకెలా వస్తారు?" అంది ఆవిడ. ఆయాసపడుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. "ఆ గిన్నె తోమి పొయ్యి మీద పెట్టు. వాడు పొద్దుటినుంచీ ఉత్త నీళ్ళ మీదే ఉన్నాడు."

ఆ గిన్నె మళ్ళీ అటకెక్కలేదు.