వర్షాకాలం మీద అయిదు వాక్యాలు

మూడో కాయితం తిప్పేసరికి బషీరాబీకి చెవులు వేడెక్కాయి. ఆమె కోపం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ముందు చెవి తమ్మెలు మండుతాయి, ఆ తరవాత మెడ. చూసేవాళ్ళకి ఇవేవీ తెలియవు. నేత చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, జారిపోతున్న కళ్ళజోడు వెనక్కి తోసుకుంటూ ఎప్పటిలాగే బెంచీల మధ్య మెల్లగా నడుస్తోంది.

మొదటి పీరియడులో ఏడో తరగతి చేత ఆమె రోజూ చేయించే పని ఒకటే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి బడికొచ్చేదాకా చూసిందో, చేసిందో, తోచినంత రాయాలి. పుస్తకంలోకి చూడకూడదు. పక్కవాడిది చూడకూడదు. తప్పులు పోతే పోనీ. ఏడో తరగతి పిల్ల ముందెన్నడూ చూడని పేరా చదివి అందులో ఏముందో చెప్పగలగాలి, తనకి తోచింది ఇంకొకరికి తెలిసేలా కాయితం మీద పెట్టగలగాలి. శిక్షణ తరగతుల్లో ఇంకా చాలా చెప్తారు గాని, ఇన్నేళ్ళ తరవాత ఆమె దగ్గర మిగిలినవి ఈ రెండే.

ఇవాళ అందరి కాయితాల్లోనూ ఒకే వానుంది.

'వర్షాకాలం వచ్చింది. ఆకాశంలో నల్లని మేఘాలు కమ్ముకున్నాయి. జోరుగా వర్షం కురుస్తోంది. రైతులు ఆనందంతో పొలాలు దున్నుతున్నారు. ప్రకృతి పచ్చగా కళకళలాడుతోంది.'

ఒక్క ఒత్తు తప్పలేదు. ఒక్క దీర్ఘం పోలేదు. కిటికీ అవతల ఎండ బడి గోడను పేల్చేస్తోంది. ఆ గోడ వెనక చెరకు మడిలో ఆకులు అంచులు మాడి చుట్టుకుపోతున్నాయి. వాన లేక నారంతా పోయిందని, నాన్న దాన్ని మేకలకి విడిచేశాడని మొన్న రాసిన పరదేశి అనే కుర్రాడు కూడా రైతులు ఆనందంతో ఉన్నారని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాడు.

ధనశ్రీ బెంచీ దగ్గర ఆమె ఆగింది. పొట్టి చేతుల జాకెట్టు, రెండు జడలకీ రెండు రంగుల రిబ్బన్లు, చూపుడువేలి కొనన పసుపు మరక. ఈ పిల్ల ఆరో తరగతిలోకి వచ్చినప్పుడు అక్షరాలు విడివిడిగా తెలుసు గాని, రెండు కలిస్తే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునేది. ఏడాది పట్టింది. 'మా మెక ఈనింది' అని మొదటిసారి సొంతంగా రాసిన రోజు ఆ కాయితాన్ని టీచర్ల గదిలో అందరికీ చూపించింది బషీరాబీ. మేకకి ఏత్వం లేదని వాళ్ళు నవ్వారు.

ఆ పిల్ల కాయితం మీద కూడా జోరుగా వర్షం కురుస్తోంది. పైన మరో వరస రాసి ఇంకు రబ్బరుతో గట్టిగా చెరిపిన జాడ ఉంది. అక్కడ కాయితం పలచబడిపోయింది.

"ఇదేటి ధనశ్రీ?"

"ఇదే రాయమన్నారు టీచర్. సొంతంగా రాత్తే తప్పులు పడిపోతాయంట. ఆటల పీరియడులో రోజూ సెప్పించేరు."

ఆటల పీరియడు దేవీప్రసాద్‌ది. వ్యాయామం చెప్పే మాస్టారు, మంచివాడే, చెప్పిన పని చేస్తాడు. చెప్పిందెవరో బషీరాబీకి తెలుసు. పదిరోజుల కిందట ఆ అయిదు వాక్యాలు ముందు ఆమెకే ఇచ్చారు. తన వల్ల కాదని హెడ్మాస్టరు టేబులు మీద పెట్టేసి వచ్చింది. వాటి సంగతి అంతటితో పోయిందనుకుంది.

హెడ్మాస్టరు చంద్రమౌళి ఆమె రావడం చూసి ఫోను బోర్లా పెట్టాడు. ఆమె కూర్చోలేదు. ఆయనే మొదలుపెట్టాడు. మధ్యాహ్నం మండలం నుంచి ఆఫీసరు వస్తున్నాడు, ఏడో తరగతి పిల్లల చదవడం, రాయడం చూసి అక్కడికక్కడే మార్కులు ఫోనులో ఎక్కిస్తాడు. ఏ అంశం ఇస్తాడో ముందే తెలిసింది. పోయినసారి మీటింగులో తెర మీద మన బడి పేరు ఎర్ర రంగులో వేసి, అందరి ముందూ తనని నిలబెట్టారు. తనకన్నా చిన్నవాడెవడో మైకులో మందలించాడు. మళ్ళీ నిలబడలేనన్నాడు చంద్రమౌళి.

"వాళ్ళకి వచ్చని ఇవాళ చూపిద్దాం మేడమ్. నేర్పడం రేపట్నుంచి నేర్పుకుందాం."

"ఆ రేపు వాళ్ళు మూడో తరగతిలో ఉన్నప్పుడూ ఎవరో అనే ఉంటారు సార్."

ఆయన ఇంకో సంగతి చెప్పాడు. టీచర్లు తక్కువున్న బళ్ళకి ఇక్కడివాళ్ళని పంపే పని సర్దుబాటు జాబితాలో ఆమె పేరు ఉంది. మాడుగుల అవతల ఒక బడిలో తెలుగు టీచరు లేదు. ఇవాళ అంతా సవ్యంగా జరిగితే వచ్చే ఆఫీసరుతో మాట్లాడి ఆపిస్తానన్నాడు. ఆయన బెదిరించడం లేదు. బతిమాలుతున్నాడు. అందుకే ఆమెకు ఎక్కువ మండింది. ఎదుటివాడు చెడ్డవాడైతే కోపానికి ఒక చోటుంటుంది. ఈయన మీద పెట్టుకోవడానికి లేదు, దింపుకోవడానికీ లేదు.

మధ్యాహ్న భోజనాల వేళ వరండాలో వరసగా కూర్చున్న పిల్లల మధ్య ఆమె తిరిగింది. సాంబారు వడ్డించే ఆయాకి గరిటె అందించింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కూడా కొందరు పెదాలు కదుపుతున్నారు. నల్లని మేఘాలు కమ్ముకున్నాయి, నల్లని మేఘాలు కమ్ముకున్నాయి.

తను ఏడో తరగతిలో ఉన్నప్పటి తెలుగు పీరియడు ఆమెకు గుర్తుకొచ్చింది. స్టేషన్ రోడ్డులో తండ్రి జియావుద్దీన్ గొడుగులు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. దాని గురించి రెండు పేజీలు రాసుకుని వెళ్ళింది. మాస్టారు అంతా చదివి, కళ్ళెత్తి, ఇది నీకెవరు రాసిచ్చేరని అడిగాడు. నేనే అంది. మీ ఇళ్ళల్లో ఇలాంటి తెలుగు ఎక్కడిదని, నిజం చెప్పేదాకా బయట నిలబడమన్నాడు. గంట కొట్టేదాకా నిలబడింది. ఇంటికెళ్ళి తండ్రికి చెప్పలేదు. ఆయనకి చదువు రాదు, ఆ రెండు పేజీల్లో ఏముందో ఆయన అడగలేదు. తరవాత ట్రైనింగులోనూ, ఉద్యోగంలో చేరిన ప్రతి బడిలోనూ, 'మీరు తెలుగు చెప్తారా' అని ఎవరో ఒకరు ఆశ్చర్యపోతూనే ఉన్నారు. ఆమె నవ్వి ఊరుకునేది. తెలుగు మీద ప్రేమతో టీచర్లమయ్యామని సన్మానాల్లో చెప్పుకునేవాళ్ళని చూస్తే ఆమెకు వింతగా ఉంటుంది. ఆమె కోపంతో అయింది. ఆ సంగతి భర్త అయూబ్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆఫీసరు త్రినాధరావు ఎండలో మోటారు సైకిలు మీద వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మంచినీళ్ళు తాగి, ఇంకా మూడు బళ్ళు తిరగాలి, తొందరగా కానిద్దామన్నాడు. పిల్లలు చదివారు. పేజీ తెరవక ముందే కొందరు చదవడం మొదలుపెట్టారు. ఆయన చూసీ చూడనట్టు వేలితో ఫోను మీద నొక్కుకుంటూ పోయాడు. తరవాత వర్షాకాలం గురించి రాయమన్నాడు. గది అంతా ఒక్కసారిగా తలలు వంచింది. చంద్రమౌళి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం తేలికపడడం బషీరాబీకి కనిపించింది.

ఆమె ముందుగా అనుకుని అన్న మాట కాదు.

"సార్, వీళ్ళకి ఇంకో అంశం ఇవ్వండి."

త్రినాధరావు తల ఎత్తాడు. ఫోనులో ఇదే వచ్చిందమ్మా, నేను మార్చడానికి లేదన్నాడు. పోనీ ఒక్కరికైనా ఇవ్వమంది ఆమె. వెనక చంద్రమౌళి మేడమ్, మేడమ్ అంటున్నాడు. చెవుల్లో వేడి కళ్ళదాకా వచ్చేసింది. ఇక ఆమెకు గుమ్మం కనిపించలేదు, జాబితా గుర్తులేదు.

"ధనశ్రీ, అది పక్కన పెట్టు. పొద్దున్న మీ ఇంట్లో ఏం జరిగిందో అది రాయి."

ధనశ్రీ ఆమె ముఖంలోకి చూసింది. సగం పూర్తయిన వర్షాకాలాన్ని అరచేత్తో కప్పుకుంది. రాయి అంది బషీరాబీ మళ్ళీ. తన గొంతు గట్టిగా వచ్చిందని తనకే తెలిసింది. ఆ పిల్ల కొత్త కాయితం తీసుకుంది. మిగతావాళ్ళు పెన్నులు మూసి చూస్తూ కూర్చున్నారు. ఆఫీసరు గోడ గడియారం వైపు రెండుసార్లు చూశాడు. చివరికి కాయితం అందుకుని, నిలబడే, పైనుంచి కిందికి వేలు జరిపాడు.

"ఒత్తులు లేవు. 'అమ్మ'కే ఒత్తు లేదు. ఏడో తరగతి స్థాయి కాదు ఇది." ఫోను మీద నొక్కాడు. "ఈ క్లాసులో ఈ పిల్ల ఒక్కర్తే తక్కువండీ. మిగతా అంతా బాగుంది."

"మీరు చదివేరా సార్ అది?"

"చూసేనమ్మా."

"చూడ్డం కాదు. చదివేరా?"

ఆయనకి కోపం రాలేదు. అలసిపోయిన మనిషి, తప్పులు లెక్కపెట్టమన్నారు, లెక్కపెట్టాడు. కాయితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. చంద్రమౌళి ఆయన వెనకే నడుస్తూ ఏదో సర్దిచెప్పడం వరండా చివరిదాకా వినిపించింది.

బడి వదిలాక ధనశ్రీ కదల్లేదు. బల్ల మీద తల పెట్టుకుని ఉంది. జడల మధ్య పాపిట ఎర్రబడి చెమట పట్టి ఉంది. బషీరాబీ దగ్గరికి వెళ్ళి, నువ్వు బాగా రాసేవమ్మా అంది. ఆ పిల్ల తల ఎత్తింది. ఏడవడం లేదు.

"నేనూ అదే రాసేసేదాన్ని కదా టీచర్. నాకూ వచ్చు. అందర్లోకీ నన్నొక్కదాన్నే సెయ్యిపట్టి తీసి పడేసేరు మీరు."

ఇన్నేళ్ళుగా తను మోస్తున్న కోపం ఈ పిల్లల కోసమే అనుకుంది బషీరాబీ. ఇవాళ దాన్ని దింపడానికి చోటు వెతుక్కుని, గదిలో ఉన్న అందరిలోకీ చిన్నదాని నెత్తిన దింపింది. ఆ పిల్లని నిజం చెప్పేదాకా బయట నిలబెట్టలేదు అంతే. నిలబెట్టినట్టే చేసింది.

క్షమించమని అడిగితే పిల్ల ఇంకా బెదిరిపోతుంది. ఆమె బెంచీ మీద పక్కన కూర్చుంది. బెంచీ ఎత్తు తక్కువ, మోకాళ్ళు బల్లకి తగిలాయి. కాయితం దగ్గరకి లాక్కుని చదివింది.

'పొదున నాన అచుతాపురం కంపినీ బసు ఎకేడు. అమకి జరం. నేను వంట చేసేను. కూరలో ఉపు ఎకువ అయింది. తముడు తినలేదు. నాకు కోపం వచింది.'

రెండోసారి కూడా చదివింది. బయట సైకిళ్ళ చప్పుడు తగ్గిపోయింది.

"ఉప్పు ఎక్కువైతే ఏం చేసేవు మరి?"

గోడవైపు చూస్తూ, "నీళ్ళు పోసేను" అంది ధనశ్రీ.

"బాగయిందా?"

"లేదు. పల్చగైపోయింది. అయినా తినేసేను."

"అది రాయలేదేటి?"

"ఆ సారు కాయితం లాగేసుకున్నారు కదా."

బషీరాబీ కాయితాన్ని ఆమె వైపు జరిపింది. ధనశ్రీ ముఖం ముడుచుకునే, పెన్ను బల్లకేసి ఒకసారి కొట్టి, రాయడానికి వంగింది. రాస్తున్నంతసేపూ బషీరాబీ ఒత్తుల గురించి ఏమీ అనలేదు. 'పలగ' అని రాసి ఆగి, ఏదో తక్కువైందని తనే కనిపెట్టి, మధ్యలో చిన్న చ ఇరికించింది ధనశ్రీ. అయిపోయాక కాయితం మడిచి సంచిలో తోసుకుని, వెళ్ళొస్తానని చెప్పకుండానే వెళ్ళిపోయింది. గేటు దాటేటప్పుడు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

చంద్రమౌళి గదిలో దీపం వెయ్యకుండా కూర్చుని ఉన్నాడు. ఫోను ఆమె వైపు తిప్పి చూపించాడు. మాడుగుల అవతల బడిలో రేపు పొద్దున్నే చేరాలని ఉంది. నేను అడగలేకపోయేను మేడమ్ అన్నాడు. అడగొద్దు సార్ అంది ఆమె. ఏడో తరగతి ఎవరు తీసుకుంటారని మాత్రం అడిగింది. ప్రస్తుతానికి దేవీప్రసాద్ అన్నాడు ఆయన. ఆమె చెవులు మళ్ళీ వేడెక్కాయి. ఈసారి ఆ కోపాన్ని ఎవరి మీదా దింపలేదు. అలాగే పట్టుకుని రోడ్డు దాకా నడిచి, అనకాపల్లి వెళ్ళే ఆటో ఎక్కింది.

మర్నాడు గంట కొట్టే వేళకి ఆమె మాడుగుల బస్సులో, ఎండుతున్న చెరకు మడుల మధ్య పోతోంది. ఏడో తరగతిలో దేవీప్రసాద్ హాజరు పలికి, టీచరు వేరే బడికి వెళ్ళిపోయారని చెప్పి, ఏం చేయించాలో తెలియక, మీ ఇష్టం వచ్చింది రాసుకోండని కుర్చీలో కూర్చున్నాడు.

టీచర్ల గదిలో మంచినీళ్ళ కుండ పక్కన స్టీలు గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. ఆమె తీసుకెళ్ళని గ్లాసు కూడా వాటిలో ఉంది. దాని అంచు కింద, కొట్టువాడు చుక్కలు చుక్కలుగా చెక్కినప్పుడు ష బదులు స పడిపోయిన పేరు, ఆమె ఏ రోజూ దిద్దించుకోని పేరు, 'బసీరాబీ' అని ఉంది.