గడ్డం దాకా లేచిన సంచి

"కెహ్వా! ఓ కెహ్వా! ఇవాళ ఎంతవరకు లేచిందే?"

నెగడు దగ్గర నుంచి సున్‌డక్ కేకేసింది. సముద్రంలో మునిగి గుల్లలు ఏరుకొచ్చే ఆడవాళ్లందరికీ ఆమె పెద్ద. పాత బడి ఊడ్చి వస్తున్న కెహ్వా, పోటు ఎంతుందో చెప్పినట్టు, గడ్డం దాకా అంది.

కొరియాలోని ఈ జేజు దీవిలో ఏళ్ల కిందట సైన్యం ఊళ్లు తగలబెట్టిన ఆ చలికాలం గురించి బడిలో ప్రదర్శన పెట్టి నెలయింది. గాజుపెట్టెల్లో మసిబారిన గిన్నెలు, పిల్లల రబ్బరు చెప్పులు. గోడకి పెద్ద ఫోటో. మంచులో ఊరంతా మోకాళ్ల మీద ఉంది. సైనికుల పక్కన, తలకి గోనెసంచి తొడిగిన ఆకారం ఒకటి వేలు చాచి ఉంది. ఆ వేలు చూపించిన పదకొండు మందీ మళ్లీ లేవలేదు. ఇప్పటికీ సున్‌డక్ పుట్టింటితో కలిపి పదకొండు ఇళ్లలో తద్దినం ఒకే రోజు.

ఫోటో గోడకెక్కిన మర్నాటి నుంచీ ఆ సంచి రోజుకి కాస్త పైకి లేస్తోంది. దాన్నెవరూ వింత అనలేదు. ఇన్నేళ్లూ లోపల ఊపిరెలా ఆడిందో అనుకున్నారంతే.

ముఖం చూసే పని కూడా లేదు ఊరికి. మోకాళ్ల మీద ఉన్నవాళ్లలో కనపడని మగాడు బూ వాళ్లింటాయన ఒక్కడే. ఆయన పోయినా ఆయన కూతురు ఇల్‌సన్ ఉంది. సున్‌డక్‌తో సమానంగా లోతుకు పోగలదు, అయినా నెగడు చుట్టూ పొగ కొట్టే వైపే ఆమె చోటు. నీళ్లలోంచి పైకొచ్చి ఈలలా ఊపిరి వదిలితే ఎవరి ఊపిరికైనా ఎవరో ఒకరు తల తిప్పి చూస్తారు. ఇల్‌సన్ ఊపిరికి మాత్రం సముద్రం మీద ఒక్క తలా తిరగదు.

"గడ్డం నున్నగా ఉందట," అంది సున్‌డక్ ఇల్‌సన్‌తో. "మీ నాన్నకి గడ్డం మొలిచేది కాదుగా?"

"నాన్న ఆ రోజు చిలగడదుంపల గోతిలో దాక్కున్నాడు, అత్తా."

"అయితే దుంపల్ని పిలుచుకురా, సాక్ష్యం చెప్తాయి."

అందరూ నవ్వారు. కెహ్వా నిప్పుల మీద చేతులు కాచుకుంది.

ఆ తర్వాత సంచి పై పెదవి దాటి ఆగిపోయింది. వారమైనా కదల్లేదు. సన్నగా విచ్చుకున్న పెదాలు, ఎవరివైనా కావచ్చు. చాన్నాళ్ల తర్వాత కెహ్వాకి కడుపునిండా తినాలనిపించింది. నా అన్నవాళ్లు లేని ఆమెకి తద్దినం రోజున పదకొండు ఇళ్ల నుంచీ కొర్రపిండి రొట్టెలొస్తాయి. ఇక ముందూ వస్తాయి.

ఊరు మాత్రం ఓపిక పట్టలేదు. ఆదివారం ఫోటో ముందు అందర్నీ కూడేసి, ఇల్‌సన్ ఇక ఈ నీళ్లలో దిగకూడదని సున్‌డక్ తేల్చేసింది. ఎక్కడికి పోవాలని ఎవరో అడిగితే, గోతిలోకి పొమ్మని ఇంకెవరో అన్నారు. ఇల్‌సన్ ఏడవలేదు. నీళ్లలో తేలడానికి కట్టుకునే బెండుని తెచ్చి సున్‌డక్ కాళ్ల ముందు పెట్టింది.

కెహ్వా పెదవి కొరుక్కుంది. ఫోటోలోనూ పెదవి కొరుక్కుంది. నోరు బిగించింది. అక్కడా బిగుసుకుంది. అందరి కళ్లూ ఇల్‌సన్ మీదే ఉన్నాయి. చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, తలుపు దాకా నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరికీ తెలియదు. రెండడుగులు వేసింది కూడా. అంతలో ఇల్‌సన్ ఊపిరి వదిలింది, సముద్రం మీద వదిలినట్టే, సన్నగా, ఈలలా.

ఈసారి ఒక తల తిరిగింది.

"బెండు ఆ పిల్లకి ఇచ్చేయి, సున్‌డక్ అక్కా," అంది కెహ్వా. ఫోటోలో పెదాలు ఆమెతో పాటే కదులుతుంటే జనం పక్కకి జరిగారు. "అప్పుడు నాకు పదమూడేళ్లు. వేలు చూపిస్తే తమ్ముణ్ణి వదిలేస్తామన్నారు. ఆ సంచిలో ఉన్నది నేను. అక్కా, మీ నాన్నని మూడోవాడిగా చూపించాను."