దీపం పట్టే మనిషి

ఫొటోలన్నీ ఒకే తీరుగా చెడిపోయాయి. పీత కళ్ళు మసకబారి ఉన్నాయి. పక్కనున్న రాయి మాత్రం గీత గీసినంత స్పష్టంగా ఉంది. ఆమె కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే భర్తను అడిగింది.

"ఏమండీ, నిన్న దీపం ఎక్కడ పెట్టారు?"

"నువ్వు చూపించిన చోటే. నీ కెమెరా ముసలిదైపోయిందని చెప్పు, నా మీదకి తోస్తావేం?" అన్నాడాయన, వరండాలో తడిసిన డైవింగ్ సూట్లు ఆరేస్తూ.

రాత్రిపూట సముద్రంలో దిగి ఫొటోలు తీయడం వాళ్ళ పని. చీకట్లో కెమెరాకు ఫోకస్ కుదరదు. ఫ్లాష్ వెలిగేలోపు దానికి ఏదో ఒక వెలుగు కావాలి. చాలామంది ఆ దీపాన్ని కెమెరాకే బిగించుకుంటారు. వీళ్ళ పద్ధతి వేరు. నీళ్ళలో తేలే నలుసులు మెరవకుండా ఆయన పక్కనుంచి దీపం పట్టేవాడు. ఒక చెయ్యి ఆమె మోచేతి మీద, ఇంకో చేతిలో దీపం. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటది.

ఆ రాత్రి మళ్ళీ దిగారు. పగడపు గుట్ట సందులో ఒక రొయ్య, పొట్ట కింద గుడ్లతో కనిపించింది. తెల్లని వెలుగు పడగానే వెనక్కి జారింది. ఆయన మణికట్టును ఆమె గుర్తుగా నొక్కితే, దీపాన్ని ఎరుపుకు మార్చాడు. ఎర్రని వెలుగును రొయ్యలూ పీతలూ అంతగా పట్టించుకోవు. అది కుదురుగా ముందుకొచ్చింది. వెలుగు మాత్రం జానెడు అవతల, ఉత్త రాతి మీద పడింది.

ఆమెకు అనుమానం వచ్చింది. కావాలనే మోచేతిని పైకి తిప్పింది. దీపమూ పైకి తిరిగింది. కిందికి దించితే కిందికి దిగింది. ఆయన మాస్కు ముందు చెయ్యి ఊపింది. రెప్ప కదల్లేదు.

ఆమె ఫొటో తీయలేదు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని మెల్లగా పైకి తీసుకొచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది పడవెక్కాక.

"ఎరుపు కనబడక ఏడాది దాటింది. నీ మోచేతిని బట్టే తిప్పుతున్నాను. తెలుపైతే ఫర్వాలేదు."

"కింద నాకేమన్నా అయితే ఎవరు చూస్తారనుకున్నారు?"

ఆయన మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెబితే ఒడ్డున కూర్చోబెడతావని."

"కూర్చోబెడతాను."

పడవ నడిపే అతను తనకేమీ వినబడనట్టు ఇంజన్ వైపు తిరిగిపోయాడు.

కళ్ళ డాక్టరు కొత్తగా చెప్పిందేమీ లేదు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఇంటికొచ్చాక ఆయనే ఒక ఇనుప చువ్వ తెచ్చి, దీపాన్ని కెమెరాకు బిగించడానికి కూర్చున్నాడు.

"ఇకమీదట నీతో ఎవరు దిగుతారు?"

"మీ చెల్లెలు వస్తానంది."

"అది పీతను చూసినా అరుస్తుంది."

"నీళ్ళలో అరిస్తే వినబడదులెండి."

ఆయన నవ్వబోయి ఆగాడు. "కిటికీ తెరలు వెయ్యి. ఎరుపులోనే సరిచూడాలి."

గది చీకటైంది. ఫోకస్ నిలిచే దూరంలో ఆమె తన పిడికిలి పెట్టింది. ఆయన దీపం తిప్పాడు.

"పడిందా?"

వెలుగు బల్ల అంచున ఉంది. పడిందనడం ఎంతో తేలిక.

"లేదు. ఇంకాస్త ఎడమకి."

"ఇప్పుడు?"

"ఎక్కువైంది. వెనక్కి రండి."

ఆయన విసుక్కోలేదు, ఆమె తొందరపెట్టలేదు. వేళ్ళ కణుపుల మీద వెలుగు నిలిచాక, "అంతే, బిగించండి" అంది. ఆయన స్క్రూ బిగించి, కదలడంలేదని తడిమి చూసుకుని, కెమెరాను ఆమె వైపు జరిపాడు.